రాప్తాడు గీత: అనంతపురం జిల్లా నియోజకవర్గాలను మళ్లీ గీసిన నా అనుభవం

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ఇంటి ప్లాన్లు కూడా పెద్ద కాగితం మీద ప్రింట్ తీసిస్తాం. పగలంతా ఎవరెవరి ఇళ్ల గోడలో, కిటికీలో చూస్తూ గడిచిపోతుంది. రాత్రి షట్టర్ సగం దించాక నేను నాకోసం తెరిచేది ఒకటే ఫైలు. అది మా ఉమ్మడి జిల్లా మ్యాపు.

2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైనప్పుడు ఇది మొదలైంది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. 63 మండలాల్లో 31 అనంతపురానికి మిగిలాయి, 32 అటు పోయాయి. మా అక్కను ఇచ్చింది చెన్నేకొత్తపల్లి మండలంలో. మేమంతా సీకే పల్లి అనే అంటాం. ఆ వారంలో అక్క ఫోన్ చేసింది.

"రేయ్, మా మండలం పుట్టపర్తి జిల్లాలో కలిపినారంట. మరి ఎమ్మెల్యే రాప్తాడే అంటాండారు. రాప్తాడేమో అనంతపురంలోనే ఉండాది. మేము యాడికి పోవాల రా?"

ఏం చెప్పాలో తెలియక ఆ రాత్రి కూర్చుని చూశాను. రాప్తాడు నియోజకవర్గంలో రాప్తాడు, ఆత్మకూరు, అనంతపురం రూరల్ ఇటు ఉండిపోయాయి. సీకే పల్లి, కనగానపల్లి, రామగిరి అటు పోయాయి. జిల్లా మారింది గానీ నియోజకవర్గం మారలేదు. మారదు కూడా, ఎందుకంటే అసెంబ్లీ గీతలు వేసేది జిల్లాలు విడగొట్టేవాళ్లు కాదు. ఆ పని డీలిమిటేషన్ కమిషన్‌ది. ఇప్పుడున్న గీతలు జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 2001 జనాభా లెక్కల మీద వేసినవి. వాటి మీద మొదటి ఎన్నిక 2009లో జరిగింది. రాప్తాడు, పుట్టపర్తి అప్పుడే నియోజకవర్గాలయ్యాయి. గోరంట్ల, నల్లమాడ పోయాయి. గుత్తి పోయి గుంతకల్లు వచ్చింది.

అయితే నేను గీస్తే ఎలా ఉంటుంది? ఈ ఒక్క ప్రశ్నే నన్ను మూడేళ్లు పట్టుకుంది.

ముందు రూల్స్ చదివాను. 2002 డీలిమిటేషన్ చట్టంలో 9వ సెక్షన్ ఒక్కటి బాగా చదివితే చాలు, సగం పని అర్థమవుతుంది. నియోజకవర్గం వీలైనంతవరకు ఒకచోట కుదురుగా ఉండాలి. కొండలు, ఏర్లు, పరిపాలన హద్దులు, రాకపోకల సౌకర్యం, జనం వీలు చూడాలి. ఒక అసెంబ్లీ నియోజకవర్గం మొత్తంగా ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఉండాలి. ఎస్సీ రిజర్వుడు సీట్లు రాష్ట్రంలో వేర్వేరు చోట్ల, ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న ప్రాంతాల్లో ఉండాలి. మన ఉమ్మడి జిల్లాలో శింగనమల, మడకశిర ఎస్సీ సీట్లు. ఒకటి పైన, ఒకటి చిట్టచివర కింద. జనాభా సగటుకు 10 శాతం అటూ ఇటూ ఉండొచ్చని కమిషన్ తన మార్గదర్శకాల్లో పెట్టుకుంది.

జిల్లాకు 14 సీట్లే ఎందుకు అన్నది కూడా అప్పుడే తెలిసింది. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7,62,10,007. సీట్లు 294. అంటే సీటుకు 2.59 లక్షలు. మన జిల్లా జనాభా 36,40,478. భాగిస్తే 14.04 వస్తుంది. ఇంత సరిగ్గా కూర్చున్న లెక్క చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నంబర్లలోనూ ఒక పద్ధతి ఉంది. వాయవ్యం మూల నుంచి మొదలుపెట్టి, పాము నడకలా అటూ ఇటూ తిరుగుతూ ఆగ్నేయానికి రావాలి. మన వరస చదవండి: 148 రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు, తాడిపత్రి. అక్కడ తూర్పు అంచు తగిలింది కాబట్టి వెనక్కి తిరిగి శింగనమల, అనంతపురం అర్బన్, కళ్యాణదుర్గం. మళ్లీ మలుపు తిరిగి రాప్తాడు, మడకశిర, హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి, ధర్మవరం, చివరికి 161 కదిరి. ఓటరు కార్డుల పనికి వచ్చేవాళ్ల దగ్గర ఈ నంబర్లు నేను ఏళ్లుగా చూస్తున్నాను. వాటి వెనక ఇంత దారి ఉందని తెలియదు.

గీయడానికి క్యూజీఐఎస్ వాడాను. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఇంటి ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ చేయి తిరిగినవాళ్లకు నెల రోజుల్లో పట్టుబడుతుంది. జనాభా అంకెలు 2011 సెన్సస్ నుంచి తీసుకున్నాను. ఒక ఆఫీసులో మండలాల మ్యాపు కాపీ అడిగితే మూడుసార్లు తిప్పారు, నాలుగోసారి నేనే మానేశాను. ఇంటర్నెట్‌లో దొరికిన హద్దుల ఫైలుతోనే పని కానిచ్చాను.

అసలు కష్టం పేర్ల దగ్గర వచ్చింది. మ్యాపు ఫైలులో ఒక పేరు, సెన్సస్ పట్టికలో ఒక పేరు. మనం పలికేది మూడోది. ఒకచోట ఓడీ చెరువు, ఇంకోచోట ఓబులదేవరచెరువు. ఎన్పీ కుంట అంటే నంబులపూలకుంట అని కంప్యూటర్‌కు ఏం తెలుసు? బీకే సముద్రం, బుక్కరాయసముద్రం వేరువేరు ఊళ్లనుకుని ఒక దాని జనాభాను సున్నా చూపించింది. మొత్తం కలిపితే 40,81,148 రావాలి. నాకు ఎప్పుడూ తక్కువే వచ్చేది. సెన్సస్ కోడ్ నంబర్లతో జత చేసుకోవాలని తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. ఎవరైనా మొదలుపెడితే పేర్లను నమ్మకండి, కోడ్‌లతోనే వెళ్లండి. ఇంకో మాట. 78వ రేఖాంశం మన జిల్లా మీదుగానే పోతుంది. తాడిపత్రి, కదిరి దానికి తూర్పున పడతాయి. మ్యాపు మీద కొలతలకు వాడే యూటీఎం పద్ధతిలో జోన్ 43 ఆ రేఖ దగ్గరే ఆగుతుంది, విస్తీర్ణం లెక్కలకు అదొక్కటే పెట్టుకుంటే ఆ అంచుల్లో కొద్దిగా తేడా వస్తుంది.

మొత్తం సరిపోయిన రోజు 14తో భాగించాను. 2,91,511. పది శాతం లెక్కన కింది హద్దు 2.62 లక్షలు, పై హద్దు 3.21 లక్షలు. ఈ మూడు అంకెలు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొదటి మ్యాపు ఆవేశంలో గీసింది. రాప్తాడు నుంచి అక్కావాళ్ల మూడు మండలాలూ తీసి నేరుగా ధర్మవరంలో పడేశాను. ధర్మవరం పై హద్దు దాటి ఎర్రగా వెలిగింది. ఇటు మూడే మండలాలతో మిగిలిన రాప్తాడు కింది హద్దుకు అందనంత పడిపోయింది. ఒక దారప్పోగు లాగితే చీరంతా ముడతపడినట్టు, పక్కవన్నీ కదలాల్సిందే. రెండోసారి పడమర నుంచి మొదలుపెట్టాను. కళ్యాణదుర్గం వైపు నుంచి కిందికి గీసుకుంటూ పోతే కుందుర్పి దాటాక మనది కాని నేల వస్తుంది. పావగడ. కర్ణాటక తాలూకా, మన జిల్లాలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. మడకశిర దానికి అటువైపు. మడకశిరలోని మండలాలను కళ్యాణదుర్గంతో కలపడం తెర మీద సులువే, జనం మాత్రం ఇంకో రాష్ట్రం గుండా బస్సెక్కాలి. ఆ గీత చెరిపేశాను. మడకశిర అయిదు మండలాలు ఒకటిగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది, వాటిని మళ్లీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం బండి మీద సీకే పల్లి పోయాను. తెర మీద చూసి చూసి నాకు ఊళ్లు చుక్కల్లా కనిపించడం మొదలైంది. అది మంచిది కాదనిపించింది. అక్కావాళ్ల అత్త అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తోంది. ముందు చేట, పక్కన తట్ట, పొట్టు గాలికి కాళ్ల మీదికి ఎగురుతోంది. నేను ప్రింట్ తీసుకుపోయిన కాగితం ఆమె ముందర పరిచాను.

"అవ్వా, సంతకు, ఆస్పత్రికి యాడికి పోతారు మీరు?"

"ధర్మవరమే కదప్పా. మగ్గాలకు పట్టు తెచ్చుకునేదీ ఆడ్నుంచే, చీర ఇచ్చేదీ ఆడ్నే."

"మరి అనంతపురం?"

"పెద్ద జబ్బయితే పోతాం." ఒక చెనక్కాయ నా చేతిలో పెట్టి, కాగితం మీద వేలు పెట్టింది. "ఇది రోడ్డా?"

ఆమె వేలు పెట్టింది బెంగళూరు హైవే మీద కాదు. నేను వేసిన నియోజకవర్గం గీత మీద. అది రోడ్డు కాదు, హద్దు అని చెప్పాను. "ఆ హద్దుకు ఎదురుగా ఎవరుంటారు?" అంది. సమాధానం చెప్పడానికి ఆ ఊళ్ల పేర్లు నేను కాగితం చూసి చదవాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏ గీత వేసినా దానికి రెండువైపులా ఉన్న ఊళ్ల పేర్లు ముందు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

తిరిగొచ్చి లెక్క మొదటినుంచి చేశాను. ఈసారి కొత్త జిల్లాల హద్దును ఆధారం చేసుకున్నాను. 2011 లెక్కతో అనంతపురం జిల్లాకు 22.41 లక్షలు, శ్రీ సత్యసాయికి 18.40 లక్షలు. సగటుతో భాగిస్తే 7.69, 6.31. అంటే ఎనిమిది, ఆరు. అనంతపురం వైపు సీటుకు 2.80 లక్షలు, అటువైపు 3.07 లక్షలు. రెండూ హద్దుల లోపలే! సీకే పల్లి, కనగానపల్లి, రామగిరి తమ జిల్లాలోనే సర్దుకోగలవని అంకెలే చెబుతున్నాయి. కుర్చీలోంచి లేచి షాపులో రెండు రౌండ్లు తిరిగాను.

రామగిరి పెనుకొండలోకి వచ్చింది. సీకే పల్లి, కనగానపల్లి ధర్మవరంలోకి. వాటికి చోటు చెయ్యాలంటే ముదిగుబ్బను పుట్టపర్తికి జరపాలి, అప్పుడు పుట్టపర్తి అమడగూరును కదిరికి వదులుకోవాలి. ఆ మూలన ఇప్పటికీ పై హద్దుకు ఆనుకునే ఉన్నాను. ఇంతకన్నా మంచి సర్దుబాటు ఎవరైనా చూపిస్తే తీసుకుంటాను.

అనంతపురం వైపు ఇంకా కష్టం. నగరం జనాభా 2.61 లక్షలు. కింది హద్దు అంచున ఆగిపోతుంది, చుట్టుపక్కల కాలనీలు కొన్ని కలపక తప్పదు. కలిపితే నగరం చుట్టూ ఉన్న రాప్తాడు అంత తగ్గుతుంది. ఆ లోటు దేంతో నింపాలో తెలియక రెండు వారాలు తెర ముందు కూర్చున్నాను.

దారి చూపింది మా నాయన. ఆయన సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. 66 అడుగుల గొలుసు, 100 లింకులు, భుజాన వేసుకుని ఈ జిల్లా పొలాల్లో తిరిగిన మనిషి. మ్యాపు పెద్దది ప్రింట్ తీసి మంచం మీద పరిస్తే కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కూడేరు మీద పెన్సిల్ పెట్టాడు.

"ఇది ఉరవకొండలో ఎందుకుండాది? కూడేరోళ్లు పొద్దున లేస్తే అనంతపురం రాక యాడికి పోతారు?"

కూడేరు రాప్తాడులో కలిపాను. పక్కనే ఉన్న బీకే సముద్రం కూడా. అది శింగనమలలోది కాబట్టి, ఎస్సీ సీటు కదిలితే ఎలా అని మళ్లీ జనాభా పట్టికలన్నీ తిరగేశాను. కూడేరు పోయాక ఉరవకొండ కిందికి పడింది. దానికి ఒక మండలం ఇస్తే ఇచ్చినది పడింది. ఇలా పదకొండు మ్యాపులయ్యాయి. ప్రతిదానికీ తేదీ వేసి దాచాను.

అన్నీ కుదిరాయనుకున్న రోజు లోక్‌సభ రూలు అడ్డం వచ్చింది. జిల్లాలో అనంతపురం, హిందూపురం రెండు లోక్‌సభ సీట్లు. చెరి ఏడు అసెంబ్లీలు. నా మ్యాపులో ఎనిమిది, ఆరు. అంటే అనంతపురం జిల్లాలోని ఒక అసెంబ్లీ హిందూపురం కిందికి పోక తప్పదు. ధర్మవరానికి ఆనుకుని ఉన్నవాటిలో ఏది? రాప్తాడే. ఇప్పుడు కూడా అది హిందూపురంలోనే ఉంది. అక్కావాళ్ల మండలాల కోసం నేను తీసిన ముడి, ఆత్మకూరు, రాప్తాడు, కూడేరు వాళ్లకు పడింది. ఎంపీ దగ్గరికి వాళ్లు పక్క జిల్లాకు పోవాలి. కూడేరు, బీకే సముద్రం వాళ్లకైతే ఇది కొత్త కష్టం. దాన్ని తప్పించడానికి నెల రోజులు చూశాను, దొరకలేదు. 2014 విభజన చట్టంలో రాసినట్టు రాష్ట్రంలో సీట్లు 175 నుంచి 225 అయితే ఉమ్మడి జిల్లాకు 18 లేదా 19 వస్తాయి, అప్పుడు కథ వేరు. ఉన్న 14తో మాత్రం ఇంతే కుదిరింది.

రాష్ట్రానికి మొత్తం సీట్ల సంఖ్య 1971 జనాభా దగ్గర ఆగిపోయి ఉంది, గీతలు 2001 దగ్గర. కమిషన్ ఆర్డరు వచ్చిందంటే రాజ్యాంగం 329వ అధికరణం వల్ల కోర్టులో సవాలు చేయడం చాలా కష్టం. అందుకే డ్రాఫ్టు వచ్చినప్పుడే, అభ్యంతరాలు తీసుకునేటప్పుడే మాట్లాడాలి. నా నోట్‌బుక్‌లో కూడేరు పేజీ ముందు, సీకే పల్లి పేజీ తర్వాత పెట్టుకున్నాను. రెండూ తీసుకుని పోతాను.

కడప, కర్నూలు వైపు ఎవరైనా ఇలా గీస్తుంటే మన అంచులు కలిపి చూసుకుందాం. తాడిపత్రి, జమ్మలమడుగు హద్దు దగ్గర నా ఫైలులో సన్నటి ఖాళీ ఉంది. గీతలు రెండూ ఇంకా అతకలేదు.