నొక్కకముందే తీసే కెమెరా

ఆదివారం, తెనాలి.

లకుముకి పిట్ట కోసం ఆరున్నరకే కాలవ గట్టెక్కాను. మంచు విడలేదు. ఎనిమిది దాకా కెమెరా సంచిలోంచి తియ్యలేదు. వేగంగా కదిలేదాన్ని పట్టాలంటే వెలుతుర్ని లోపలికి రానిచ్చే తలుపు, అదే షట్టర్, వెయ్యో వంతు సెకను కంటే ఎక్కువసేపు తెరుచుకోకూడదు. అంత తక్కువ సేపటికి సరిపడా వెలుతురుండాలి. నా పాత కెమెరాకి వెలుతుర్ని పట్టే సెన్సర్ చిటికెన వేలి గోరంత, వెలుతురు లేకపోతే బొమ్మంతా ఇసక చల్లినట్టే.

నాది క్యాసియో ఈఎక్స్-ఎఫ్1. 2008లో వచ్చింది, నా చేతికొచ్చేసరికి రెండో చెయ్యో మూడో చెయ్యో. 6 మెగాపిక్సెళ్లే గానీ సెకనుకి 60 ఫొటోలు తీస్తుంది. 2023లో సోనీ వాళ్లు ప్రకటించిన ఏ9 మూడో రకం సెకనుకి 120 తీస్తుందట, అదీ గ్లోబల్ షట్టర్‌తో. అంటే సెన్సర్ వరసలు వరసలుగా కాకుండా బొమ్మంతా ఒకేసారి చదువుతుంది, కొట్టుకునే రెక్క వంకర్లు పోదు. దాని ధర చూసి ఫోన్ పక్కన పెట్టేశాను.

ఈ పాతదాంట్లో నాకు నచ్చింది వేగం కూడా కాదు. బటన్ సగం నొక్కి పట్టుకుంటే ఫొటోలు తీసి పెట్టుకుంటూ, పాతవి పారేస్తూ ఉంటుంది. పూర్తిగా నొక్కగానే, అంతకు ముందు తీసినవి కూడా దాచిపెడుతుంది. కంటికి కనపడి వేలు కదిలేలోగా ఎంత లేదన్నా సెకనులో అయిదో వంతు పోతుంది. మనిషి ఆలస్యాన్ని అది ముందే లెక్కేసుకుందన్నమాట.

నలుపు తెలుపు లకుముకి వచ్చింది. నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది, ఇదొక్కటే మనకి దొరికే అవకాశం. రాత్రి లెక్కేసుకున్నాను: మూడు మీటర్ల ఎత్తు నుంచి రాయి జారితే నీటిని తాకేటప్పుడు సెకనుకి ఏడున్నర మీటర్ల వేగం. పిట్టదీ అంతే అనుకుంటే, నా రెండు ఫొటోల మధ్య పన్నెండు పదమూడు సెంటీమీటర్లు దిగిపోతుంది. దాని ఒంట్లో దగ్గర దగ్గర సగం!

పడింది. నొక్కాను.

ఆ అరవై ఫొటోలూ కార్డులోకి ఎక్కుతుంటే కెమెరా కదలదు. చవకని కొన్న నత్తనడక కార్డు, తప్పు నాదే. ఆలోగా పిట్ట చేపని ముక్కున కరుచుకుని కరెంటు తీగ మీద వాలి, దాన్ని రెండుసార్లు తీగకేసి బాది, మింగేసింది. అంతా ఉత్త కళ్లతోనే చూశాను.

పక్కన గాలం వేసుకున్న పెద్దాయన నవ్వాడు. "ఏమన్నా పడిందా బాబూ?"

"పడింది బాబాయ్. మీకో?"

"పొద్దుట్నించీ ఒక్కటీ లేదు."

చూపించాను. మొదటి అయిదారింట్లో రెక్కలూ, ఆకాశమూ. తర్వాత ముక్కు కిందికి తిరిగింది, రెక్కలు ముడుచుకుంది. ఒకదాంట్లో ముక్కు కొన నీటికి తాకింది గానీ నీరింకా చెదరలేదు. ఆ తర్వాతిదాంట్లో తోకే ఉంది. మిగతావన్నీ నీళ్లే. ముక్కు తాకినదాన్ని ఆయన అరచెయ్యి నీడపెట్టి చాలాసేపు చూశాడు. అవతల గట్టు మీది తాటిచెట్టు ఫొటోలో పడింది, దాన్నీ చూశాడు, కాలవనీ చూశాడు.

లేచి గాలం తీసుకుని తాటిచెట్టుకి ఎదురుగా పోయి కూర్చున్నాడు.