భోజనాల బల్ల దగ్గర ఒక ప్రశ్న

1996లో బ్యాంకు గుమాస్తాగా చేరినప్పుడు నాకు తొలి పోస్టింగు కృష్ణా జిల్లాలో ఇచ్చారు. జనగామ దగ్గరి పల్లెలో పుట్టి వరంగల్‌లో డిగ్రీ చదివిన నాకు, నేను మాట్లాడేదాన్ని ‘యాస’ అంటారని అప్పటిదాకా తోచనే లేదు. యాస అనేది ఎప్పుడూ ఎదుటివాళ్ళకే ఉంటుంది కదా. చేరిన రెండో వారంలో ఒక ఖాతాదారు ఏదో సందేహం అడిగితే, అలవాటు కొద్దీ "జర ఆగుండ్రి, సోంచాయించి చెప్త" అన్నాను, కాస్త ఆగండి, ఆలోచించి చెప్తాను అని. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఒక సహోద్యోగి నా గొంతును అనుకరిస్తూ, "మేడమ్ గారు సోంచాయిస్తన్నారు, ఎవరూ కదలకండి" అన్నారు. అందరూ నవ్వారు. ఆ ఊపులో ఆయన, "అసలు మీది తెలుగేనా, ఉర్దూనా?" అని కూడా అడిగారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళ తరువాత తలుచుకుంటే ఆయన మాట కన్నా నా నవ్వే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఆ బల్ల చివర మా హెడ్ క్యాషియర్ గారు కూర్చున్నారు. శ్రీకాకుళం మనిషి, పదవీ విరమణకు దగ్గర పడిన వారు, అవసరమైతే తప్ప నోరు విప్పేవారు కాదు. క్యారేజీ గిన్నె మూత తీస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా, "బాబూ, ఇప్పుడు నువ్వు ‘అసలు’ అన్నావే, అది ఏ భాష?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. "మనం పొద్దుటినుంచి రాస్తన్న జమ, బాకీ, రసీదు? అవి ఎక్కడివి?" అని మళ్ళీ అడిగి, ఒక క్షణం ఆగి, "నాను వచ్చిన కొత్తలో ‘బేగి రండి’ అంటే ఈ బల్ల కాడే నవ్వినారు. ఏటి చేస్తాం, నాకూ నవ్వే వచ్చింది" అంటూ తన గిన్నెలోని పచ్చడి తీసి ఆ సహోద్యోగి కంచంలో వేశారు. ఈసారి కూడా అందరూ నవ్వారు, అన్న మనిషితో సహా. కానీ ఆ నవ్వులో నేను బల్లకు అవతల లేను.

ఆయన అడిగిన ప్రశ్నలో ఎంత బలం ఉందో నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. వడ్డీ పక్కన మనం రాసే ‘అసలు’ అరబ్బీ మాట, జమ, బాకీ కూడా అక్కడివే, రసీదు పారశీకం. పొలం దున్నేవాణ్ణి పిలిచే ‘రైతు’ అనే మాట సైతం అరబ్బీ నుంచి వచ్చిందే. కోస్తాలోని ఉత్తర సర్కారులు 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందం వల్ల ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్ళాయి. అంతకుముందు గోల్కొండ ఏలుబడిలోనూ ఆ తరువాతా శిస్తు లెక్కలతో పాటు అక్కడికి చేరిన మాటలను కోస్తా తెలుగు ఎప్పుడో తనవిగా చేసుకుంది. మా వైపు నిజాము పాలన 1948 దాకా సాగింది కాబట్టి ఇంకొన్ని మాటలు వచ్చాయి, వాటిలో ఉర్దూ ‘సోచ్’ నుంచి వచ్చిన మా సోంచాయించడం ఒకటి. ఇక నేను ‘తొవ్వ’ అంటే నవ్వినవాళ్ళు అది ‘త్రోవ’ అని గుర్తుపట్టకపోవడం వేరే సంగతి.

అయితే ఆయన పాండిత్యం వల్ల ఆ మాట పనిచేసిందని నేను అనుకోను. ఆయన ప్రశ్న మాత్రమే వేశారు, తీర్పు చెప్పలేదు. తానూ ఒకప్పుడు నవ్వులపాలైన సంగతి చెప్పి, అన్న మనిషి వెనక్కి తగ్గడానికి దారి వదిలారు. ఇవన్నీ నిజమే, కానీ అన్నిటికంటే ముఖ్యంగా, ఆయనకు పోయేదేమీ లేదు. అదే ప్రశ్న అదే గొంతుతో నేను అడిగి ఉంటే, "సరదాకు అన్నదానికి అంత పట్టింపా" అనేవారు, మా ప్రాంతం వాళ్ళకు కోపం ఎక్కువన్న మాట కూడా దానికి తోడయ్యేది. మాట పడ్డ మనిషినే హుందాగా బదులివ్వమని అడగడమంటే, దెబ్బ తిన్నవాడినే మందు కూడా నూరుకొమ్మన్నట్టు ఉంటుంది. ఆ హుందాతనం పక్కన కూర్చున్నవాళ్ళ బాధ్యత అని నేను ఆ రోజు నుంచి నమ్ముతూ వచ్చాను.

నమ్మడం వేరు, చేయడం వేరు. 2011లో సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులకు నేను హైదరాబాదులోని ఒక శాఖకు మారి చాలా ఏళ్ళయింది. ప్రత్యేక రాష్ట్రం రావాలని మనసారా కోరుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఈ రోజుకూ ఆ కోరికలో తప్పు నాకు కనబడదు. ఒక మధ్యాహ్నం మా ప్రాంతపు సహోద్యోగి ఒకరు, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి వైపు చూసి, "ఇగ మూటాముల్లె సదురుకొనుడే మీరు" అన్నారు. బల్ల నవ్వింది. నేను నవ్వలేదు కానీ, కంచంలోంచి తల ఎత్తలేదు. ఉద్యమం వేడిగా ఉన్నప్పుడు మనవాళ్ళను నలుగురిలో ఆపితే అటు వైపు మనిషినని అనుకుంటారేమోనని భయపడ్డాను.

సాయంత్రం బస్టాపులో ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి, "ఆ మాటలు మనసులో పెట్టుకోకమ్మా" అన్నాను. ఆమె కాసేపు రోడ్డు వైపు చూసి, "మీరు ఈ మాట అక్కడే అనుంటే బాగుండేది మేడమ్" అంది. అందులో కోపం లేదు. అందుకే నాకు బదులు దొరకలేదు.

ఆ రాత్రి ఎన్ని రకాలుగా మాట కూర్చుకున్నానో లెక్క లేదు. మా హెడ్ క్యాషియర్ గారిలా చమత్కారంగా ఒక ప్రశ్న వేద్దామంటే ఒక్కటీ తట్టలేదు. మరునాడు భోజనాల దగ్గర అందరూ వచ్చేదాకా ఆగి, ఆ సహోద్యోగితో, "అన్నా, నిన్న నువ్వన్న మాటకు నేను ఊకున్న, ఊకోకుండ ఉండాల్సింది. కృష్ణా జిల్లాల నన్ను గిట్లనే అడిగిండ్రు, నీది తెలుగేనా అని. ఆ పొద్దు నా కడుపుల ఎట్లుండెనో ఈ పిల్లకు నిన్న అట్లనే ఉన్నది" అని మాత్రం అన్నాను. గొంతు వణికింది, చివరి మాటలు సగం మింగేశాను. ఆయన పచ్చడి కోసం నా వైపు కంచం జరపలేదు. సగం తిన్న డబ్బా మూసుకుని లేచి వెళ్ళిపోయారు.

ఆయన బదిలీ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు, నా బల్ల మీదికి రావలసిన వోచర్లను అటెండరు చేత పంపించేవారు. మూటాముల్లె మాట మాత్రం ఆ భోజనాల బల్ల దగ్గర మళ్ళీ వినబడలేదు.