ఉండవల్లి కరకట్ట మీద పడ్డాక: కాలర్ బోన్ అతికేదాకా, మళ్లీ సైకిల్ ఎక్కేదాకా

విజయవాడ నుంచి పిల్లాపెద్దా కలిసి సైకిళ్ల మీద వెళ్లడానికి ఉండవల్లి దారి చాలా బాగుంటుంది. తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ ఎక్కితే కిలోమీటరుకు పైగా ఎత్తుపల్లాల్లేని రోడ్డు, డెబ్బై గేట్లు, ఎగువన నిండుగా కృష్ణ. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన కట్టడం ఇది. భారీ వాహనాలను పైకి రానివ్వరు కాబట్టి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. అవతలి ఒడ్డున కుడికి తిరిగితే కరకట్ట, ఆ వైపే ఉండవల్లి గుహలు. మేం డిసెంబరులో ఒక ఆదివారం బయల్దేరాం. ముందు బావ, తర్వాత అక్క, ఆ వెనక మేనల్లుడు, చివర నేను.

కరకట్ట మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే అక్క ఎడమకు జరిగింది. ముందు టైరు తారు దిగి మట్టిలోకి పోయింది. తారు అంచు కన్నా పక్క మట్టి రెండు మూడు అంగుళాలు లోతున ఉన్న చోట ఎవరికైనా ఇదే ప్రమాదం. దిగిన టైరును నడుస్తూనే కొంచెం కొంచెంగా కుడికి తిప్పితే అది అంచుకు ఒరుసుకుంటూ పోతుంది తప్ప పైకెక్కదు. ఒళ్లు కుడికి వాలుతుంది, చక్రం మాత్రం అటు రాదు. మనిషి రోడ్డు మీదికే పడతాడు. దిగిపోయినప్పుడు మట్టిలోనే నిదానంగా ఆగి, సైకిల్‌ని చేత్తో ఎత్తి రోడ్డు మీద పెట్టుకోవడమే సరైన పని.

అక్క కుడి భుజం మీద పడింది. వెనకనున్న పిల్లాడు గట్టిగా బ్రేకు పట్టి, తన హ్యాండిల్ చివర మీదే పడ్డాడు. బావ ముందుకు వెళ్లి బళ్లను ఆపాడు. ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది రక్తం కాదు: స్పృహ ఉందా, మెడ నొప్పి ఉందా, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయా. మెడ నొప్పి అంటే హెల్మెట్ తీయకుండా, లేపి కూర్చోబెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. అక్కకు అవేవీ లేవు. కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని, తల అటే వాల్చి కూర్చుంది. ఆ కూర్చోవడం చూస్తేనే కాలర్ బోన్, అంటే మెడ కింద నుంచి భుజం దాకా ఉండే ఎముక, విరిగిందని అనుమానించాలి. పక్కకు పడినప్పుడు దెబ్బ భుజం కొసన తగిలినా, విరిగేది తరచుగా ఆ ఎముక నడుమ భాగమే.

చేతి గాజులు, ఉంగరం అప్పుడే తీసేశాం. వాపు మొదలైతే అవి రావు. చున్నీని మూలగా మడిచి మెడకు కట్టి, అరచేయి మోచేతి కన్నా కాస్త పైకి ఉండేలా ముంజేతిని అందులో పెట్టాం. ఇంకో కండువాతో ఆ చేతిని ఛాతీకి ఆనించి చుట్టాం. కట్టాక వేళ్లు వెచ్చగా ఉన్నాయా, స్పర్శ తెలుస్తోందా అని చూడాలి. చల్లబడినా, నీలంగా మారినా కట్టు వదులు చేయాలి. మోకాలి మీద దోక్కుపోయిన చోట తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లు ధారగా పోసి ఇసుక పోయేదాకా కడిగాం. పక్కనే నది ఉంది కదా అని ఆ నీళ్లు వాడకూడదు. పసుపు, కాఫీ పొడి అద్దితే డాక్టరు మళ్లీ గీకి తీయాలి, ఆ బాధ రెట్టింపు. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా టీ, టిఫిన్ కూడా పెట్టలేదు.

అక్క కన్నా నాకు పిల్లాడి గురించే ఎక్కువ భయం వేసింది. వాడు ఏడవలేదు, పొట్ట మీద చిన్న ఎర్ర మచ్చ, అంతే. కానీ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంటే కాలేయం, ప్లీహం, క్లోమం వెన్నెముకకు ఆని నలిగే ప్రమాదముంది. నొప్పి, వాంతులు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు మొదలవుతాయి. అందుకని మచ్చ ఎంత చిన్నదైనా పిల్లాణ్ని అదే రోజు ఆసుపత్రిలో చూపించి, హ్యాండిల్ తగిలిందని నోరు తెరిచి చెప్పాలి. స్కాన్ చేసి, కాసేపు ఉంచుకుని చూసి పంపారు. వాడి సైకిల్‌కి హ్యాండిల్ చివర రబ్బరు గ్రిప్పు చిరిగి ఇనప గొట్టం బయటికొచ్చి ఉంది. అలాంటి గొట్టం చర్మాన్ని గుండ్రంగా కోసేస్తుంది. పిల్లల సైకిళ్లలో ముందుగా మార్చాల్సింది ఆ గ్రిప్పులే.

ఎక్స్‌రేలో ఎముక నడుమ విరిగింది, ముక్కలు పెద్దగా పక్కకు తొలగలేదు. చర్మాన్ని లోపల్నుంచి పొడుస్తుంటే, నరానికో రక్తనాళానికో దెబ్బ తగిలితే, ముక్కలు బాగా ఒకదాని మీదికొకటి ఎక్కితే ఆపరేషన్ చేసి ప్లేటు వేయడం గురించి ఆలోచిస్తారు. లేకపోతే స్లింగే, అంటే చేతిని మెడకు వేలాడదీసే కట్టే, వైద్యం. మట్టి పడ్డ గాయం కాబట్టి, అంతకుముందు వేయించుకుని అయిదేళ్లు దాటిందని టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసి "పుత్తూరు కట్టు కట్టించండర్రా" అంది. ప్రేమతో అన్నమాటే, కానీ కొత్తగా విరిగిన కాలర్ బోన్‌ని లాగినా, నూనె పెట్టి మర్దన చేసినా ముక్కలు కదులుతాయి. పిన్ని పంపిన నల్లేరు పచ్చడి మాత్రం అందరం తిన్నాం. పథ్యం పేరుతో పప్పు, గుడ్లు, పాలు మానేయకూడదు, ఎముక అతకడానికి మాంసకృత్తులు కావాలి.

మొదటి రెండు వారాలు నిద్రే కష్టం. వెల్లకిలా పడుకుంటే భుజం వెనక్కి జారి ముక్కలు కదులుతాయి. దిండ్లు పేర్చి వాలుగా, మోచేతి కింద చిన్న దిండు పెట్టుకుని పడుకోవాలి. జాకెట్టు తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చేయి ముందు, విప్పేటప్పుడు చివర. బెజవాడ ఉక్కకు స్లింగులో చంక పాసిపోతుంది. ముందుకు వంగి చేతిని వేలాడనిచ్చి రోజూ కడిగి, ఆరబెట్టి, మెత్తటి నూలుగుడ్డ పెట్టాలి. వేళ్లు, మణికట్టు, మోచేయి మొదటి రోజు నుంచే రోజుకు చాలాసార్లు కదిలించాలి. స్లింగు ఉంది కదా అని అన్నీ బిగించి ఉంచేవాళ్లకు ఎముక అతికినా మోచేయి పట్టేస్తుంది. తర్వాత డాక్టరు చెప్పినప్పటి నుంచి బల్ల మీద మంచి చేయి ఆనించి ముందుకు వంగి, దెబ్బ తగిలిన చేతిని గడియారం లోలకంలా ఊపడం. భుజం కన్నా పైకి ఎత్తడం దాదాపు ఆరో వారం దాకా వద్దన్నారు.

అసలు చిక్కు ఆ తర్వాతే. మూడు నాలుగు వారాలకే నొప్పి తగ్గిపోతుంది, వంట చేయబుద్ధేస్తుంది, సైకిల్ తాళం చేతికొస్తుంది. పెద్దవాళ్లలో ఎముక అతకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నొప్పి పోయిందంటే ముక్కలు కదలడం తగ్గిందనే అర్థం, గట్టిపడ్డాయని కాదు. ఆ దశలో ఇంకోసారి పడితే అక్కడే విరుగుతుంది. ఎక్స్‌రే చూసి డాక్టరు సరే అన్నాక కూడా అక్కతో మేం ఇంట్లో మూడు పనులు చేయించాం: గోడకు రెండు చేతులు ఆనించి నెట్టడం, కుడి చేతిని భుజం ఎత్తున పక్కకు చాచి పట్టి ఉంచడం, కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడటం. మన రోడ్ల మీద కుడికి తిరగాలంటే ఈ రెండోదీ మూడోదీ ఒకేసారి చేయాలి. పైగా మన సైకిళ్లకు సాధారణంగా ముందు బ్రేకు కుడి చేతికే ఉంటుంది, పట్టినప్పుడు ఒంటి బరువంతా ముందుకొచ్చి చేతుల మీద పడుతుంది.

ఈలోగా సైకిల్ పని. ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పితే రిమ్ము ఒకచోట బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. మెకానిక్ స్పోకులు బిగించి వంకర తీశాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకి పక్కనుంచి చూస్తే కొత్తగా వచ్చిన వంపు, పెయింటు పగుళ్లు ఏమీ లేవు. ఉంటే దాన్ని సాపు చేసి వాడకూడదు, మార్చేయాలి. దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ కాయదు, కొత్తది కొన్నాం. హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు పైకెత్తించాం, చేతుల మీద బరువు తగ్గడానికి. టైర్లలో గాలి మామూలు కన్నా కొద్దిగా తక్కువ కొట్టించాం.

మళ్లీ బయల్దేరింది మార్చిలో, ఎండ ముదరకముందే. ఈసారి పిల్లాడు బావ వెనకే, అక్క ఆ తర్వాత, మధ్యలో రెండు సైకిళ్ల దూరం వదులుకుంటూ. బ్యారేజీ సగం దాటాక అక్క కుడి చేయి బరువెక్కిందంది. అది ఎముక నొప్పి కాదు, ఇన్నాళ్లూ వాడని కండ అలసట. దిగి కాసేపు నడిపించుకుంటూ వెళితే తగ్గింది. విరిగినచోట సూదిలా గుచ్చినట్టుంటే మాత్రం అక్కడితో ఆపి ఆటో ఎక్కించేవాళ్లం. అవతల టీ తాగి, కరకట్ట వైపు తిరగకుండా వెనక్కి వచ్చేశాం. స్పీడు బ్రేకర్ల మీద సీటు నుంచి లేచి నిలబడి రెండు చేతులతో కుదుపు తీసుకోగలిగితే, ఏప్రిల్‌లో ఉండవల్లి దాకా.