సిగ్నల్ బాగాలేదు

గురువారం రాత్రి కువైట్‌లోని మా రూములో పండగే. మర్నాడు సెలవు. ఆరుగురం, అందరమూ రాజంపేట, రాయచోటి వైపు వాళ్లమే. చికెన్ నేను వండేవాణ్ని. నీళ్ల సీసాలో సరుకు ఎవరో ఒకరు తెచ్చేవారు. ఎక్కణ్నుంచని ఎవరమూ అడిగేవాళ్లం కాదు.

కువైట్‌లో మద్యం దిగుమతి 1964లోనే ఆపేశారు. తర్వాత తాగడమూ నేరమైంది. దుకాణం లేనంత మాత్రాన తాగేవాళ్లు లేకుండా పోలేదు. లేబుల్ లేని సీసాలొచ్చాయి, అంతే. లోపల ఏముందో ఒక్కోసారి అమ్మినవాడికే తెలియదు.

మా రూములో చిన్నవాడు ఒకడుండేవాడు. టైల్స్ పని. వచ్చిన కొత్తలో ఆ వాసనకే లేచి బయటికి పోయేవాడు. నడుం నొప్పికి నిద్ర పట్టడం లేదంటే, మేమే ఓ మూత పోసిచ్చాం. అవును, మేమే. ఏడాది తిరిగేసరికి గురువారం దాకా ఆగలేకపోయాడు. ఆ తర్వాత పొద్దున పనికి పోయేముందు కూడా కావాల్సి వచ్చింది. తాగకపోతే చేతులు వణుకుతాయి, వణికితే టైలు వంకరపోతుంది. తాగితేనే పని సరిగ్గా చేయగలిగే స్థితికి వచ్చాడని మాకప్పుడు తట్టలేదు. పైగా మనిషి కుదురుకున్నాడనుకున్నాం.

ఒక శుక్రవారం తలనొప్పి, వాంతులు అన్నాడు. రాత్రిది దిగలేదులే, మజ్జిగ తాగి పడుకోమన్నాం. సాయంత్రం భార్య వీడియో కాల్ చేసింది. "సిగ్నల్ బాగాలేదు, నీ మొహమంతా తెల్లగా కనపడతా ఉంది" అన్నాడు. పక్కనే కూర్చున్న నాకు ఆ అమ్మాయి ముక్కుపుడక కూడా స్పష్టంగా కనపడుతోంది.

అప్పుడే 112కి ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. "ఆస్పత్రికి పోతే పోలీసులొస్తారన్నా, డిపోర్ట్ చేస్తారు. వీసా అప్పు ఎవరు కడతారు?" అని వాడే కాళ్లు పట్టుకున్నాడు. తెల్లారేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.

సీసాలో ఉన్నది మిథనాల్ అని తర్వాత తెలిసింది. లోపలికి పోగానే ఏమీ చేయదట. కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కంటి నరాన్ని దెబ్బ తీస్తుంది. ఆ మార్పుకు చాలా గంటలు పడుతుంది. ఆలోపు చేరితే ఆపే మందు ఉంది, డయాలసిస్ ఉంది. ఆ మందు దొరకనిచోట డాక్టర్లు అసలైన ఆల్కహాలే కొలిచి ఇస్తారట. మందుకు విరుగుడు మందేనన్నమాట! మేము వాదనలో పోగొట్టుకున్నది ఆ గంటలనే.

2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ సారాయి తాగి 23 మంది చనిపోయారని, 160 మంది దాకా ఆస్పత్రుల పాలయ్యారని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పింది. ఎక్కువమంది ఆసియా దేశాలవాళ్లే. వార్త చదివి మా ఊళ్లో "తాగుబోతులకు అంతేలే" అన్నారు. నేనేమీ అనలేదు. వాళ్లలో ఎంతమంది ఒక రాత్రంతా మంచం మీద కూర్చుని డిపోర్ట్ గురించి మాట్లాడుకున్నారో అని లెక్క వేసుకుంటూ ఉండిపోయాను.

మావాడు బతికాడు. ఊళ్లోనే ఉంటున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు, వీడియో కాదు, మామూలు కాల్. నేను "రే" అనగానే గొంతు గుర్తుపట్టేస్తాడు.