కార్డుకు తగ్గ ప్రాసెసర్: మా పాత కంప్యూటర్ సంగతి

తిరుపతిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2018 వేసవిలో, ఒక్కొక్క భాగం కొని తెచ్చుకుని నా చేత్తో బిగించుకున్న కంప్యూటర్ మాది. అందులో ఏఎండీ రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు ఉండేవి. నాలుగేళ్ల తర్వాత కార్డు ఒక్కటి మార్చి 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 పెట్టాను. అంత ఖర్చు పెట్టినా ఆట మాత్రం నేను ఆశించినంత సాఫీగా సాగలేదు. కౌంటర్‌స్ట్రైక్ 2 అనే కాల్పుల ఆట ఆడే మా తమ్ముడు, “అన్నా, పొగ లేస్తే చాలు, స్క్రీను పట్టుకుంటా ఉండాది” అని రోజూ చెప్పేవాడు. తప్పు కార్డుదేమోనని చాలాకాలం అనుమానించాను. నిజానికి కార్డు పని లేక ఎదురుచూస్తోంది.

ఆటలో ఒక్కొక్క ఫ్రేమ్ (తెర మీద పడే ఒక్కో బొమ్మ) తయారవడానికి ముందు ప్రాసెసర్ చేయవలసిన పని చాలా ఉంటుంది. ఏ పాత్ర ఎక్కడ నిలబడింది, తూటా ఎవరికి తగిలింది, సర్వర్ నుంచి ఏ కబురు వచ్చింది అన్నవన్నీ లెక్కగట్టి, వేటిని ఎక్కడ గీయాలో ఆజ్ఞల జాబితా రాసి ఇస్తేనే కార్డు గీయడం మొదలుపెడుతుంది. సంక్రాంతికి వాకిట్లో పెద్ద ముగ్గు వేసేటప్పుడు చుక్కలు పెట్టేది ఒకరైతే, గీతలు కలిపి రంగులు నింపేవారు పదిమంది ఉంటారు. చుక్కలు పెట్టే చెయ్యి నెమ్మదిస్తే పదిమందీ రంగు డబ్బాలు పట్టుకుని నిలబడవలసిందే. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఈ మొత్తం పని ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లలో పూర్తికావాలి.

ప్రాసెసరే అడ్డుపడుతోందని తేల్చుకోవడానికి నేను చేసిన పరీక్షకు పైసా ఖర్చు కాలేదు. సైబర్‌పంక్ 2077 ఆటలో జనం కిక్కిరిసిన బజారులో పాత్రను నిలబెట్టి, కార్డు పనితీరు చూపే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అంకెలను తెర మూలన పెట్టుకున్నాను. 1080పీలో సెకనుకు 48 ఫ్రేములు వస్తుండగా కార్డు వాడకం 60 శాతం దగ్గరే ఆడుతోంది. తర్వాత రిజల్యూషన్‌ను 720పీకి దించాను. 1080పీలో ఒక ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు గీయాలి, 720పీలో 9,21,600 చాలు. అంటే కార్డు మీద భారం సగం కన్నా తక్కువకు పడిపోయింది. అయినా ఫ్రేములు 48 దగ్గరే ఆగిపోయాయి, కార్డు వాడకం మాత్రం 40 శాతానికి జారింది. కార్డు మీద బరువు తగ్గించినా వేగం పెరగలేదంటే, వేగాన్ని పట్టి ఉంచుతున్నది కార్డు కాదన్నమాట.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటి ఉంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం అప్పుడు 50 శాతమే కనిపించింది. సగం ఖాళీగా ఉన్న ప్రాసెసర్ ఎలా అడ్డవుతుందని తమ్ముడు అడిగాడు. ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్‌లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతం పైచిలుకే. ఆటలోని ముఖ్యమైన పని ఎక్కువగా ఒకటి రెండు థ్రెడ్‌ల మీదే నడుస్తుంది కనుక, అవి ఊపిరాడక ఉన్నా సగటు అంకె నింపాదిగానే కనిపిస్తుంది. అందుకే ఆ అంకెను నమ్మకుండా కార్డు వాడకాన్నే చూడమని అందరికీ చెబుతాను.

ఊళ్లో ఒక దుకాణంలో అడిగితే, “బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ మార్చాల్సిందే సార్, పాతదాంట్లో ఏం పెట్టినా దండగ” అన్నారు. ఆ మాట నాకు బాధ కలిగించింది, ఎందుకంటే అది నిజం కాదు. 2017లో మొదటి రైజెన్‌లు వాడిన ఏఎం4 సాకెట్‌లోనే (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ఏఎండీ 5000 వరుస ప్రాసెసర్లను కూడా తెచ్చింది. 2022లో బీ350 వంటి పాత బోర్డులకు కూడా వాటిని నడిపే బయోస్‌లు (బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) వచ్చాయి. మన బోర్డు తయారీదారు సైట్‌లో ఆ మోడల్‌కు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా చూసుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మా బోర్డు జాబితాలో రైజెన్ 5 5600 ఉంది.

5600లో కూడా ఉన్నవి అవే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్‌లు. విద్యుత్ లెక్క కూడా అదే 65 వాట్లు. మరి తేడా ఎక్కడంటే, 1600లో కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఉండి, ఒక్కో గుంపుకు 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న నిల్వ) ఉంటుంది. ఒక గుంపుకు కావలసిన సమాచారం రెండో గుంపు దగ్గర ఉంటే తెచ్చుకోవడానికి ఆలస్యమవుతుంది. 5600లో ఆరు కోర్లకూ కలిపి 32 ఎంబీ క్యాష్ ఒక్కచోటే ఉంటుంది. గరిష్ఠ వేగం 3.6 గిగాహెర్ట్జ్ నుంచి 4.4కు పెరగడం ఒక ఎత్తు, ఒక్కో క్లాక్ సైకిల్‌లో చేసే పని పెరగడం మరో ఎత్తు. ఎనిమిది కోర్ల 5700ఎక్స్, 96 ఎంబీ క్యాష్ ఉన్న 5800ఎక్స్3డీ కూడా చూశాను గాని, 3060కి అంత అవసరం లేదు. కార్డు గీయగలిగినదానికి కొంచెం ముందుండే ప్రాసెసర్ ఉంటే చాలు. పైగా ఆ రెండింటికీ పెట్టెలో కూలర్ రాదు, 5600కు వస్తుంది. ఇక 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది, విండోస్ 11 నడిపే ప్రాసెసర్ల జాబితాలో 1600 లేదు. కొనడానికి అది కూడా ఒక కారణం. ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి అయిన చెన్నై రిచీ స్ట్రీట్‌కు బస్సులో వెళ్లి తెచ్చుకున్నాను.

ముందుగా బయోస్ మార్చాలి, అది కూడా పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే. నవంబర్ వానల్లో మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. బయోస్ సగం రాస్తుండగా కరెంటు పోతే బోర్డు మూలపడుతుంది. అందుకని యూపీఎస్ పూర్తిగా చార్జయ్యాక, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో ఆ పని చేశాను. తెర మీద ఆ పట్టీ నిండే కొద్ది నిమిషాలూ తమ్ముడూ నేనూ మాట్లాడుకోలేదు.

ప్రాసెసర్ తీసేటప్పుడు మాత్రం అందరూ జాగ్రత్తపడాలని వేడుకుంటాను. ఏఎం4 ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులు ఉంటాయి. అంతకు కొన్నేళ్ల ముందు దుమ్ము దులపడానికి చల్లగా ఉన్న కంప్యూటర్‌లో కూలర్‌ను నిలువునా లాగితే, కూలర్‌కు వేడిని దాటించే పేస్టు ఎండి గట్టిపడి ఉండడంతో దానికి అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడి వచ్చేసింది. సాకెట్ మీట ఇంకా మూసే ఉంది. మూలన ఒక పిన్ను వంగింది. ములుకు తీసేసిన మైక్రోటిప్ పెన్సిల్ గొట్టాన్ని దానికి తొడిగి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. ఈసారి పావుగంట ఆట నడిపి పేస్టు వేడెక్కాక ఆపి, స్విచ్ తీసి, నాలుగు మరలనూ ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా విప్పి, కూలర్‌ను కుడిఎడమలకు మెల్లగా తిప్పాను. జిగురు వదులుతున్న సన్నని చప్పుడు వచ్చింది, ఆ తర్వాత కూలర్ ఒక్కటే చేతిలోకి వచ్చింది. కొత్త ప్రాసెసర్ మూలనున్న బంగారు త్రిభుజాన్ని సాకెట్ గుర్తుకు ఎదురుగా పెడితే, వేలితో నొక్కే పని లేకుండా తన బరువుకే లోపలికి దిగింది.

మొదటిసారి ఆన్ చేయగానే ప్రాసెసర్ మారిందని, ఎఫ్‌టీపీఎమ్‌ను (తాళాల రహస్యాలు దాచే ప్రాసెసర్‌లోని భాగాన్ని) రీసెట్ చేయమంటారా అని అడిగింది. డిస్క్‌కు విండోస్‌లోని బిట్‌లాకర్ తాళం వేసి ఉన్నవారు రికవరీ కీ రాసిపెట్టుకోకుండా అక్కడ సరేననకూడదు. బయోస్ మారడం వల్ల ర్యామ్ వేగం తక్కువకు పడిపోయింది కనుక ర్యామ్‌ను అసలు వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ అమరికను మళ్లీ ఆన్ చేశాను. పాత ప్రాసెసర్‌తో 2666 దాటని మా 3200 ర్యామ్ ఇప్పుడు అసలు వేగంతో నడుస్తోంది.

అదే బజారులో, అదే చోట పాత్రను నిలబెట్టి చూస్తే 70 దాటింది. కార్డు వాడకం 97 శాతం. కౌంటర్‌స్ట్రైక్‌లో సగటు దాదాపు రెట్టింపైంది గాని, నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది అతి నెమ్మది ఫ్రేముల అంకె. తమ్ముడు పట్టుకుంటోందన్నది వాటినే. పొగలోకి రెండు మూడుసార్లు వెళ్లి వచ్చి, “ఇప్పుడు నిలబడుకోలేదన్నా” అన్నాడు.

తీసిన 1600ను ఊరికే పెట్టడం ఇష్టం లేకపోయింది. చిత్తూరులో మా పిన్ని కొడుకు ఏ320 బోర్డు మీద రెండు కోర్ల ఆథ్లాన్ 200జీఈతో ఇంజనీరింగ్ చదువు నెట్టుకొస్తున్నాడు. 1600లో సొంత గ్రాఫిక్స్ ఉండదు, కనుక అది ఒక్కటే ఇస్తే అతని తెర వెలగదు. అట్టపెట్టెలో నాలుగేళ్లుగా పడి ఉన్న జీటీఎక్స్ 1060ను కూడా దానితో కలిపి వచ్చే ఆదివారం పట్టుకెళ్తున్నాను. అతని పవర్ సప్లైలో కార్డుకు కావలసిన ఆరు పిన్నుల వైరు ఉందో లేదో ఫోటో పంపమని అడిగాను.