రాయి కింద రేకు

చార్మినార్ దగ్గర నగల కొట్లలో కుందన్ పని చూస్తే, రాయి కింద పలచటి రేకు పరిచి ఉంటుంది. అది పైకి కనిపించదు, మెరుపు మాత్రం రాయిది. నాటకంలో నాయకుడి గుణాన్ని పైకి తెచ్చే పాత్రను ఇంగ్లిష్‌వాళ్లు ఫాయిల్ అనేది ఈ రేకు పేరుతోనే. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ని తెలుగులో ఆడించేవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి: ఐదో అంకంలో కత్తిసాముకు ముందు నాయకుడు హామ్లెటే, తనతో తలపడే యువకుడు లేయర్టీస్‌తో, నీకు నేనే ఫాయిల్‌ని అంటాడు. ఇంగ్లిష్‌లో సాము కత్తికీ అదే మాట. శ్లేష తెలుగులోకి రాదు, వదిలేయండి.

అయితే రేకు అంటే విరోధి కాదు. రిహార్సల్స్‌లో లేయర్టీస్‌ని విలన్ చేసేస్తుంటారు. ఇద్దరిదీ ఒకటే కష్టం, తండ్రిని చంపేశారు: హామ్లెట్ తండ్రిని ఇప్పటి రాజు, లేయర్టీస్ తండ్రిని హామ్లెట్. మూడో అంకంలో రాజు ప్రార్థనలో ఒంటరిగా దొరికినా హామ్లెట్ కత్తి ఒరలో పెట్టేస్తాడు. నాలుగో అంకంలో లేయర్టీస్, చర్చిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తానంటాడు. ఈ రెండూ ప్రేక్షకుడికి కలిసి గుర్తుకు రావాలంటే, హామ్లెట్ కత్తి దించిన చోటే, అదే లైటులో లేయర్టీస్‌ని నిలబెట్టండి. డైలాగు పెంచక్కర్లేదు.

గొంతు విషయం ఇంకా ముఖ్యం. నాలుగో అంకంలో లేయర్టీస్ జనాన్ని వెంటేసుకుని దూసుకొస్తాడు. అక్కడే పూర్తి గొంతు ఖర్చుపెడితే, చెల్లెలు ఒఫీలియా సమాధి దగ్గర అతని ఏడుపును మించి హామ్లెట్ అరవాల్సినప్పుడు ఇద్దరికీ పైకి వెళ్లే చోటుండదు. పద్యనాటకం అలవాటున్న నటులతో ఈ చిక్కు ఎక్కువ, ఎంట్రీలోనే వన్స్‌మోర్ శ్రుతి అందుకుంటారు మరి!

తండ్రిని పోగొట్టుకున్న మూడో కొడుకు, నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్. నాలుగు గంటల నాటకాన్ని రవీంద్రభారతిలో రెండు గంటలకు కుదించాలంటే కత్తెర ముందు పడేది ఇతని మీదే. తీసేస్తే, అతని సైన్యాన్ని చూసి హామ్లెట్ తనను తాను తిట్టుకునే స్వగతమూ పోవాలి. భయపడకండి, షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి సంపుటి ఫోలియోలోనే అది లేదు. చివరి ప్రవేశం ఒక్కటే ఉంచితే మాత్రం, కిరీటం అందుకునే ఇతనెవడో అని హాలంతా గుసగుసలు.

షేక్‌స్పియర్‌దే ‘మక్బెత్’లో, నాయకుడి తోటి సేనాని బాంకోని సాధువుగా ఆడితే రేకు పనిచేయదు. మక్బెత్‌తో పాటు మంత్రగత్తెల జోస్యం అతనూ విన్నాడు. మూడో అంకం మొదట్లో, నా విషయంలోనూ నిజమవుతుందేమో అని ఆశపడతాడు కూడా. ఆ నాలుగు మాటల దగ్గర నటుడు ఒక్క క్షణం ఆగాలి.