టీ వేళ 1922

ఐర్లండ్‌లో కార్క్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తున్నాను. ఇక్కడ దాన్ని నర్సింగ్ హోమ్ అంటారు. మొదట్లో ఆ మాట విని, నాకేదో జబ్బు చేసిందని మా అమ్మ కంగారు పడింది. మధ్యాహ్నం టీ బండి తోసుకుంటూ నేను హాల్లోకి వెళ్లేసరికి ఇద్దరు పెద్దవాళ్లు అప్పటికే 1922లో ఉంటారు.

కిటికీ పక్కన కూర్చునే కార్క్ పెద్దాయనకు, బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టిన ఐరిష్ నాయకుడు మైకేల్ కాలిన్స్ దేవుడు. ఎదుటి కుర్చీలోని టిప్పరరీ జిల్లా ఆయనది ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించిన డి వలేరా పక్షం. 1921 డిసెంబరులో లండన్‌లో కుదిరిన ఆ ఒప్పందం డబ్లిన్‌లోని ఐరిష్ సభలో 64–57 ఓట్లతో నెగ్గింది. ఆ ఏడు ఓట్ల పంచాయితీ వీళ్లిద్దరి మధ్య నేటికీ తెగలేదు. చర్చలకు తాను వెళ్లకుండా డి వలేరా కాలిన్స్‌ను ఎందుకు పంపాడని కార్క్ ఆయన, ఇంగ్లండు రాజుకు విధేయత ప్రకటించడానికి కాలిన్స్ ఎలా ఒప్పుకున్నాడని టిప్పరరీ ఆయన. 1922 ఆగస్టు 22న, ఈ జిల్లాలోనే, బేల్ నా బ్లా దగ్గర కాలిన్స్‌ను కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. ఆ మాట వస్తే ఇద్దరూ కాసేపు మెత్తబడతారు. హిట్లర్ చనిపోయినప్పుడు డి వలేరా జర్మనీ రాయబారిని కలిసి సంతాపం చెప్పాడన్నది కార్క్ ఆయన చివరి అస్త్రం. అది బయటికి తీశారంటే ఆ పూట టీ చల్లారిపోయినట్లే.

ఒకరోజు ఊరుకోలేక నేనూ నోరు విప్పాను. "మీ టిప్పరరీ మనిషి ఒకడు మా పాఠ్యపుస్తకాల్లో ఉన్నాడు, మైకేల్ ఓడ్వయర్" అన్నాను. ఆయన ఆ పేరు వినలేదు. జలియన్‌వాలా బాగ్ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ అనీ, డయ్యర్‌ను వెనకేసుకొచ్చాడనీ, 1940లో లండన్‌లో ఉధమ్ సింగ్ కాల్చి చంపింది ఇతన్నేననీ చెప్పాను.

"అయితే వాడు మావాడు కాదు. ఇంగ్లండు మనిషి" అన్నారు.

టిప్పరరీ కాథలిక్ ఇంట్లో పుట్టినవాడే కదా అంటే, బిస్కట్టు టీలో ముంచుతూ అడిగారు: "మరి ఆ రోజు తుపాకులు పట్టినవాళ్లెవరు?"

భారత సైన్యంలోని సిపాయిలు. జవాబు తెలుసు, నోరు పెగల్లేదు.

మర్నాడు ఆ బాకీ తీర్చుకోవడానికి జేమ్స్ డేలీ కథ చెప్పాను. 1920 జూన్‌లో జలంధర్‌లో బ్రిటిష్ సైన్యానికి చెందిన కనాట్ రేంజర్స్ దళంలోని ఐరిష్ సైనికులు, తమ దేశంలో బ్రిటిష్ బలగాలు చేస్తున్న అఘాయిత్యాల కబురు విని ఆయుధాలు కింద పెట్టేశారు. తిరుగుబాటు సిమ్లా కొండల్లోని సోలన్‌కు పాకింది. అక్కడ ముందు నిలిచిన డేలీని నవంబరు 2న ఆ దగ్గర్లోని దగ్షాయిలో కాల్చి చంపారు. అతని అస్థికలు సొంత గడ్డకు చేరడానికి 1970 దాకా పట్టింది. ఇద్దరూ కప్పులు కింద పెట్టి విన్నారు. ఇద్దరికీ ఆ కథ సరిగ్గా తెలియదు.

కాసేపటికి టిప్పరరీ ఆయన తల పంకించి, "బతికి ఉంటే ఆ కుర్రవాడు ఒప్పందాన్ని ఒప్పుకునేవాడు కాదు" అన్నారు.

"ఎందుకు ఒప్పుకోడు?" అని కార్క్ ఆయన కుర్చీ ముందుకు జరిపారు. నేను ఇంకో కెటిల్ పెట్టడానికి లేచాను.